ఆ దారి తెలిసిన మనిషి

శాశ్వత కొలోస్టమీతో బతికేవారికి డాక్టరు, నర్సు తర్వాత కావలసిన మూడో మనిషి ఎవరు? డెబ్బై ఏళ్లుగా రోగుల సంఘాలు చెబుతున్న జవాబు ఇది.

"బాబాయ్ గారూ, పంచె ఎక్కడ కడతారు? బొడ్డు మీదా, కిందా?"

ఆపరేషన్‌కు ముందు రోజు ఈ ప్రశ్న అడిగే నర్సు దొరికిన రోగి అదృష్టవంతుడు. పురీషనాళం అడుగున క్యాన్సర్ వచ్చి మలద్వారంతో సహా తీసేయాల్సి వచ్చినప్పుడు, మిగిలిన పెద్దపేగు కొసను పొట్ట గోడలోంచి బయటికి తెచ్చి చర్మానికి కుడతారు, అదే కొలోస్టమీ. పొట్ట మీద ఎర్రగా, తడిగా కనిపించే ఆ పేగు మూతే స్టోమా. ఇక జీవితాంతం మలం వచ్చేది అక్కడి నుంచే. దాని మీద అతికించే సంచిని మనవాళ్లు బ్యాగు అంటారు. స్టోమా రెండంగుళాలు అటో ఇటో పడితే పంచె కట్టు సరిగ్గా దాని మీదే బిగుసుకుంటుంది. చీర కట్టే ఆవిడకైతే లంగా బొందు ఒరుసుకుంటుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగానే పొట్ట మడత పడి బ్యాగు అంచు లేచిపోతుంది. అందుకే మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, ముందుకు వంచి చూసి, మడత పడని చోట, తన కళ్లకు తనకే కనిపించే చోట మార్కర్ పెన్నుతో గుర్తు పెడతారు. పట్టుమని పది నిమిషాల పని. దాని మీద తర్వాతి ఇరవై ఏళ్లు ఆధారపడి ఉంటాయి.

ఈ పనికి సర్జరీ పుస్తకాలున్నాయి, నర్సింగ్ పుస్తకాలున్నాయి. అయితే చీర కుచ్చిళ్లు ఎడమకు జరిపితే బ్యాగు ఉబ్బు కనిపించదన్న సంగతి, పెళ్లి పందిట్లో గంటల తరబడి కూర్చోవాల్సి వస్తే ముందు రాత్రి ఏం తినకూడదన్న సంగతి, బ్యాగుతో పదేళ్లు గడిపినవాళ్ల దగ్గర తప్ప దొరకవు. అలాంటి మనిషిని కొత్త రోగి మంచం దగ్గరికి తీసుకురావడమే ఈ సంఘాల అసలు పని. బ్యాగులు ఇప్పించడం, జీవోలు తెప్పించడం, మహాసభలు పెట్టడం దాని తర్వాతివే.

రెండు వార్డుల పూర్వ విద్యార్థులు

1908లో లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ పురీషనాళ క్యాన్సర్‌కు పొట్ట నుంచి, కింద నుంచి రెండువైపులా కోసి తీసే పద్ధతిని ప్రకటించాడు. ప్రాణాలు నిలబడ్డాయి, పొట్ట మీద స్టోమాలు మిగిలాయి. ఆ తర్వాత నలభై ఏళ్ల పాటు ఆ మనుషులు ఎలా బతుకుతున్నారని అడిగినవాళ్లు తక్కువ. రబ్బరు సంచులు, బెల్టులు, గుడ్డ పీలికలు, మండే చర్మం, వాసన. ఇంట్లో ఒక గది, ఆ గదిలో ఒక మనిషి.

1951లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో పేగు ఆపరేషన్లు అయినవాళ్లు కొందరు ఒకచోట కలవడం మొదలుపెట్టారు. ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి ఉన్న రెండు సర్జికల్ వార్డుల పేర్లు క్యూ, టీ. ఆ రెండు అక్షరాలే సంఘం పేరయ్యాయి. హాస్టల్లో కలిసి చదివినవాళ్లలాగా ఒకే వార్డులో కలిసి పడుకున్నవాళ్ల సంఘం. 1956లో బ్రిటన్‌లో ఇలియోస్టమీ, అంటే చిన్నపేగును బయటికి తెచ్చిన వారి సంఘం ఏర్పడింది. 1962లో అమెరికాలోని ఇలాంటి చిన్న చిన్న బృందాలన్నీ యునైటెడ్ ఆస్టొమీ అసోసియేషన్‌గా ఏకమయ్యాయి. స్టోమా పెట్టే ఆపరేషన్లన్నిటికీ కలిపి పేరు ఆస్టొమీ.

ఈ కథలో నాకు అందరికంటే గొప్పగా కనిపించేది నార్మా గిల్. ఒహాయో రాష్ట్రం ఏక్రన్ ఊరి గృహిణి, డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. పెద్దపేగు పుండ్ల జబ్బు అయిన అల్సరేటివ్ కొలైటిస్‌తో ఏళ్ల తరబడి నలిగి 1954లో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌లో ఇలియోస్టమీ చేయించుకుంది. కోలుకున్నాక ఊళ్లో తనలాంటివాళ్ల దగ్గరికి వెళ్లి బ్యాగు ఎలా అతికించాలో నేర్పేది. ఆమెకు ఆపరేషన్ చేసిన సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ దీన్ని గమనించి 1958లో ఆమెను క్లినిక్‌లోనే ఉద్యోగంలోకి తీసుకున్నాడు. రోగులు తన మాట కంటే ఆమె మాట ఎక్కువ వింటున్నారని గ్రహించిన సర్జన్లు ఎందరుంటారు? 1961లో ఇద్దరూ కలిసి అక్కడే ఈ విద్యకు ప్రపంచంలో మొదటి బడి తెరిచారు. ఇవాళ ఆసుపత్రుల్లో స్టోమా నర్సు అని ఎవరిని పిలుస్తున్నామో ఆ వృత్తి ఒక రోగి చేతుల మీదుగా పుట్టింది. 1978లో ఆ నర్సుల ప్రపంచ మండలి ఏర్పడటంలోనూ ఆమెదే ముందడుగు.

బ్యాగు పుట్టుక కూడా ఇలాంటిదే. 1954లో డెన్మార్క్ నర్సు ఎలీసే సోరెన్‌సెన్ తోబుట్టువు థోరాకు స్టోమా ఆపరేషన్ అయింది. ముప్ఫై రెండేళ్ల మనిషి, ఎక్కడ కారుతుందోనన్న భయంతో గడప దాటడం మానేసింది. ఎలీసే చర్మానికి అతుక్కునే, వాడి పారేసే ప్లాస్టిక్ సంచిని ఊహించింది. ప్లాస్టిక్ తయారీదారు ఓగె లూయీస్-హాన్సెన్ మొదట పట్టించుకోలేదు. ఆయన భార్య యోహానే కూడా నర్సే. ఆవిడకు ఆ సంచి విలువ వెంటనే అర్థమైంది, భర్తను ఒప్పించింది. 1957లో పుట్టిన కోలోప్లాస్ట్ కంపెనీకి మూలం ఇదే.

నల్లమల బంక

ఇక్కడ మనకు తెలియకుండానే మనకొక వాటా ఉంది. బ్యాగు ఎంత మంచిదైనా చుట్టూ చర్మం పుండైతే అతకదు. క్లీవ్‌ల్యాండ్‌లో టర్న్‌బుల్ 1950ల్లో దీనికి కనిపెట్టిన మందు గమ్ కరాయ పొడి. కట్టుడు పళ్లు జారకుండా వాడే పొడుల్లోనూ ఉండేది అదే. తడిని పీల్చి ఉబ్బి, చర్మానికి అంటుకుని, దాన్ని కాపాడుతుంది. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా స్టోమా చుట్టూ వాడిన బిళ్లలు, ఉంగరాలు దీనితోనే చేశారు.

గమ్ కరాయ అంటే మన తపసి బంక. నల్లమలలో చెంచులు, తూర్పు కనుమల్లో గిరిజనులు ఎండాకాలం చెట్టు బెరడుకు గాటు పెట్టి, కారిన బంకను ఏరి, ఎండబెట్టి అమ్మేది. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లలో దానిదే పెద్దపీట. ప్రపంచానికి ఈ బంక ప్రధానంగా వెళ్లింది మన దేశం నుంచే. ఏ దేశంలోనో పొట్ట మీద గాయం మాన్పే సరుకును మన అడవిలో ఏరినవారికి అది దేనికి వెళుతోందో తెలిసి ఉండదు. తర్వాత పెక్టిన్, సెల్యులోజ్ కలిపిన కొత్త అతుకుపట్టీలు వచ్చి కరాయను చాలావరకు పక్కకు నెట్టాయి. పూర్తిగా పోలేదు.

సంఘం మనిషి ఏం చేస్తాడు, ఏం చేయడు

సంఘాల భాషలో ఇతన్ని విజిటర్ అంటారు. ఎవరు పడితే వాళ్లు వెళ్లరు. ఆపరేషన్ అయి తను బాగా కుదుటపడ్డాక, సంఘం దగ్గర శిక్షణ పొందాక, రోగికి చికిత్స చేసే డాక్టరు సరేనన్నాకే వెళతారు. వీలైనంతవరకు వయసు, ఆడా మగా, ఆపరేషన్ రకం కలిసేలా చూస్తారు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి దగ్గరికి డెబ్బై ఏళ్ల పెద్దాయనను పంపితే ఇద్దరికీ ఇబ్బందే. విజిటర్ వైద్య సలహా ఇవ్వడు, ఏ కంపెనీ బ్యాగు కొనాలో చెప్పడు, చొక్కా ఎత్తి తన స్టోమా చూపించడు. విన్నది బయట ఎక్కడా చెప్పడు.

మరి ఏం చేస్తాడు? ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెట్లెక్కి, వార్డులోకి నడిచి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. రోగి అతని పొట్ట వైపు చూస్తాడు, ఏమీ కనిపించదు. ముక్కు ఎగబీలుస్తాడు, ఏ వాసనా రాదు. సగం పని అక్కడే అయిపోతుంది. మిగిలిన సగం ప్రశ్నలు. ఆ ప్రశ్నలు డాక్టర్ని అడిగేవి కావు. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా? బస్సులో పక్కవాడికి చప్పుడు వినిపిస్తుందా? దేవుడి గదిలోకి వెళ్లొచ్చా? మా ఆవిడ పక్కన పడుకుంటుందా?

చివరి రెండూ చిన్న ప్రశ్నలేం కావు. మడి, మైల పట్టింపు ఉన్న ఇళ్లలో ఒంటి మీద మలం సంచి ఉన్న మనిషి తనను తానే వెలేసుకుంటాడు, ఇంట్లోవాళ్లు అననక్కర్లేదు. ప్రతి మనిషి పొట్టలోనూ మలం ఉంటుంది, పూజ చేసే పూజారి పొట్టలోనూ ఉంటుంది, మనది సంచిలో ఉంది అంతే అని ఒక డాక్టరు చెబితే వాదనలా ఉంటుంది. రోజూ దీపం పెట్టే ఒక బ్యాగు మనిషి చెబితే కథ ముగుస్తుంది. దాంపత్యం సంగతి ఇంకా మెలికపడింది. పురీషనాళం తీసేటప్పుడు పక్కనుంచి పోయే నరాలు దెబ్బతిని మగవాళ్లలో అంగస్తంభన సమస్య రావచ్చు. అది బ్యాగు వల్ల వచ్చింది కాదని, దానికి వేరే చికిత్స ఉందని తెలియక ఏళ్ల తరబడి పెదవి విప్పనివాళ్లుంటారు. ఆడవాళ్లు పిల్లలు పుట్టరేమోనని బెంగపడతారు. స్టోమా ఉన్న స్త్రీలు గర్భం దాల్చి పిల్లల్ని కంటూనే ఉన్నారు.

తిండి దగ్గర మాత్రం భయం ఎక్కువ, నిజం తక్కువ. పెద్దపేగు చివరి భాగంలో చేసిన కొలోస్టమీకి పెద్ద పత్యం ఉండదు. ఉల్లి, క్యాబేజీ, చిక్కుడు గ్యాస్ పెంచుతాయి. గుడ్డు వాసన పెంచుతుంది. మజ్జిగ చాలామందికి సుఖంగా ఉంటుంది. ఊరెళ్లే రోజు బ్యాగు ఖాళీగా ఉండాలని తిండి మానేస్తారు. ఖాళీ కడుపుకు గ్యాస్ ఇంకా ఎక్కువ. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకోవాలి. పొద్దున్నే కాఫీ తాగకముందు స్టోమా నెమ్మదిగా ఉంటుంది, బ్యాగు మార్చడానికి అదే మంచి వేళ. చర్మం ఎర్రబడిందని కొబ్బరినూనె రాస్తారు, మన చేతికి అలవాటు కదా. నూనె తగిలిన చోట బ్యాగు అతకదు, కారుతుంది, చర్మం ఇంకా పాడవుతుంది. మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది ఆరబెడితే చాలు. స్టోమాకు నొప్పి తెలియదు కాబట్టి బ్యాగు రంధ్రాన్ని మరీ ఇరుగ్గా కత్తిరిస్తే అంచు కోస్తున్నా తెలియదు. రెండు మూడు మిల్లీమీటర్లు వెడల్పుగా కత్తిరించాలి.

బొంబాయిలో మొదలైంది

మన దేశంలో ఈ పని మొదలైన చోటు బొంబాయి. టాటా మెమోరియల్ ఆసుపత్రి అండతో 1975లో ఆస్టొమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. అంతర్జాతీయ ఆస్టొమీ అసోసియేషన్ పుట్టిందీ అదే ఏడాది. టాటా మెమోరియల్ స్టోమా నర్సులకు శిక్షణ కేంద్రం కూడా అయింది. మన తెలుగు ప్రాంతాల నుంచి చికిత్సకు బొంబాయి వెళ్లి వచ్చినవాళ్లలో కొందరు బ్యాగు కంటే విలువైనది అక్కడ నేర్చుకొచ్చారు. అది ఇరిగేషన్. రోజుకో రెండ్రోజులకో ఒకసారి, స్టోమాలోకి ఒక కోన్ ద్వారా సుమారు లీటరు గోరువెచ్చని నీళ్లు నెమ్మదిగా ఎక్కించి పేగును కడిగేయడం. గంట పడుతుంది. ఆ తర్వాత మళ్లీ వంతు వచ్చేదాకా చాలామందికి ఏమీ రాదు, చిన్న గుడ్డ ప్యాడ్ చాలు. పేగు చివరి భాగంలో చేసిన కొలోస్టమీకే ఇది పనికొస్తుంది, డాక్టరు ఒప్పుకోవాలి, ఒకరు దగ్గరుండి నేర్పాలి. పేదవాడికి ఇంతకంటే చవకైన స్వేచ్ఛ లేదు. అయినా మన దగ్గర దీని పేరు విన్నవాళ్లు తక్కువ. కారణం ఊహించడం కష్టమేం కాదు: అమ్ముకోవడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

ఖర్చు సంగతికి వద్దాం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద ఆపరేషన్లు పేదవాడికి అందుబాటులోకి వచ్చాయి. పల్నాడు మిరప రైతో, కరీంనగర్ బీడీ కార్మికురాలో ఆస్తి అమ్మకుండా క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకోగలుగుతున్నారు. చిన్న మాటేమీ కాదు. కానీ కొలోస్టమీ ఖర్చు డిశ్చార్జి రోజున మొదలవుతుంది. మంచి బ్యాగు ఒక్కోటి వందల్లో ఉంటుంది, నాలుగైదు రోజులకొకటి మార్చాలి, ప్రాణం ఉన్నంతకాలం. జిల్లా కేంద్రం దాటితే మందుల షాపులో దొరకదు. అందుకే ఒకే బ్యాగును కడిగి కడిగి పట్టు పోయేదాకా వాడతారు. కొందరు పాలిథిన్ కవరు పెట్టి మీద గుడ్డ బిగించి కడతారు. చర్మం ఒలిచిపోతుంది. మిరప తోటలో ఆ ఒంటితో నిలబడలేక పని మానేస్తే సర్కారు పెట్టిన లక్షలతో నిలిచిన ప్రాణం ఇంటి మూలకు చేరుతుంది.

ఇలాంటి చోట్ల సంఘాలు అడిగి సాధించినవి కొన్ని ఉన్నాయి, తెలిసినవాళ్లే తక్కువ. బ్యాగున్నవారికి రైల్వే ఫస్ట్, సెకండ్ క్లాసు సీజన్ టికెట్ల మీద సగం రాయితీ ఇస్తోంది. చికిత్సకే వెళ్లాలని లేదు, ఏ పని మీద వెళ్లినా వర్తిస్తుంది. రైల్వే చెప్పిన నమూనాలో డాక్టరు సర్టిఫికెట్ కావాలి. 2020లో వయోవృద్ధుల రాయితీ ఎత్తేసినప్పుడు కూడా రోగుల రాయితీలు ఉంచారు. బ్యాగులు, పేస్టు, బెల్టుల మీద జీఎస్టీని 2022 జులైలో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు.

తేలని సంగతి వైకల్యం గుర్తింపు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. స్టోమా అందులో లేదు. జపాన్ 1984లోనే తన చట్టంలో దీన్ని చేర్చింది. శాశ్వత స్టోమా ఉన్నవారికి వైకల్య కార్డు ఇస్తారు, బ్యాగుల ఖర్చులో ప్రభుత్వం సాయం చేస్తుంది, రైల్వే స్టేషన్లలో నిలబడి బ్యాగు కడుక్కునే ప్రత్యేక టాయిలెట్లు, వాటికో గుర్తు బొమ్మ ఉంటాయి. అక్కడ కూడా ఇదేమీ పై నుంచి ఊడిపడలేదు. రోగుల సంఘం పట్టు వదలకపోవడం దీని వెనుక ఉంది.

ఒక అనుమానం కూడా చెప్పాలి. మన దేశంలో బ్యాగు కంపెనీలే ఇప్పుడు హెల్ప్‌లైన్లు నడుపుతున్నాయి, ఇంటికి మనిషిని పంపి నేర్పుతున్నాయి. ఆ సాయం నిజమైనదే, ఎవరూ లేని చోట అదే దిక్కు. అయితే కంపెనీ మనిషి కంపెనీ బ్యాగే నేర్పుతాడు, ఇరిగేషన్ గురించి చెప్పాలని అతనికి ఉండదు, కొనలేనని చెప్పిన మనిషికి మళ్లీ ఫోన్ చేయడు. సంఘానికీ కంపెనీకీ మధ్య ఆ గీత చెరగకుండా చూసుకోవడం కష్టమైన పని. డబ్బు లేని సంఘానికి మరీ కష్టం. అమెరికాలో 1962లో పుట్టిన ఆ పెద్ద సంఘమే సభ్యులు తగ్గి, నిధులు చాలక 2005లో మూతపడింది. వెంటనే స్థానిక బృందాలు కలిసి మరో జాతీయ సంఘం పెట్టుకున్నాయి. పైన కప్పు కూలినా కింద ఊరూరా ఉన్న బృందాలు నిలబడ్డాయి కాబట్టే అది సాధ్యమైంది. మన దగ్గర ఉన్నది దాదాపు తలకిందులు: బొంబాయిలో ఒక పేరున్న సంఘం, కొన్ని నగరాల్లో పెద్ద ఆసుపత్రుల చుట్టూ స్టోమా క్లినిక్‌లు, వాటికి దూరంగా చీరాలలోనో సిరిసిల్లలోనో ఒంటరిగా ఒక మనిషి.

అంతర్జాతీయ సంఘం 1993లో ప్రకటించిన హక్కుల పత్రంలో ఆపరేషన్‌కు ముందు సలహా, స్టోమా సరైన చోట ఉండటం, మంచి సరుకు అందుబాటులో ఉండటంతో పాటు మరొకటి ఉంది: తమ దేశంలోని సంఘం గురించి, దాని సాయం గురించి తెలుసుకునే అవకాశం రోగికి ఉండాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. ఆరోగ్యశ్రీ కింద కొలోస్టమీ చేసే ప్రతి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం మీద మందుల పక్కనే ఒక విజిటర్ ఫోన్ నంబరు రాయొచ్చు. హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రికి ఏళ్లుగా చెకప్‌కు వచ్చే పాత రోగుల్లోనే విజిటర్లు దొరుకుతారు. ఇద్దరు ముగ్గురికి శిక్షణ ఇచ్చి, వారానికో రోజు ఓపీ పక్కన ఒక బల్ల వేస్తే మొదలవుతుంది. న్యూయార్క్‌లో మొదలైంది కూడా రెండు వార్డులతోనే.

1993లో మొదలైన ప్రపంచ ఆస్టొమీ దినాన్ని ఇప్పుడు మూడేళ్లకొకసారి అక్టోబరు మొదటి శనివారం జరుపుతున్నారు. 2024లో అది అక్టోబరు 5న వచ్చింది. ఆ లెక్కన వచ్చేది 2027 అక్టోబరు 2న, సరిగ్గా గాంధీ జయంతి రోజున. మలం ఎత్తడం ఒకరి కులం పని కాదని, ఎవరి దొడ్డి వాళ్లే కడగాలని ఆశ్రమంలో అందరి చేతా చేయించిన మనిషి పుట్టినరోజు. ఆ శనివారానికల్లా రెండు తెలుగు రాష్ట్రాల్లో జిల్లాకొక విజిటర్ ఉంటే చాలు, సభలూ దండలూ లేకపోయినా ఫర్వాలేదు.

ఈ లోపు ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ తప్పదంటే డాక్టర్‌ను మూడు అడగండి. స్టోమా శాశ్వతమా, కొన్నాళ్లకు మూసేస్తారా? చోటు ముందే గుర్తు పెడతారా? మీ దగ్గర ఆపరేషన్ అయి బ్యాగుతో తిరుగుతున్న ఒకరితో మాట్లాడిస్తారా? మూడోది అడగడానికి మొహమాటపడతారు. తప్పకుండా అడగాల్సింది మాత్రం అదే.